తెర్సైరా దీవిలో తీరిన మొక్కు

గుంటూరులో అమ్మకు గుండె ఆపరేషన్ జరిగిన వారమే, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల నుంచి వలస వచ్చిన కతోలికుల పెంతెకొస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ) ఊరేగింపు నా కంటబడింది. పవిత్రాత్మకు గుర్తుగా వాళ్లు మోసుకెళ్లే వెండి కిరీటం నా ముందు నుంచి సాగిపోతుండగా, అమ్మ లేచి తిరిగితే వాళ్ల దీవికే వెళ్లి నా చేతులతో రొట్టె పంచుతానని పవిత్రాత్మకు మొక్కుకున్నాను. ఈ ఫిబ్రవరిలో అమ్మ తన కాళ్లతోనే గుణదల కొండెక్కి మరియమాతను దర్శించుకుంది. నా మొక్కు మాత్రం మిగిలిపోయింది.

పెంతెకొస్తుకు రెండు రోజుల ముందు అజోర్స్‌లోని తెర్సైరా దీవి చేరాను. ఇంపేరియు అని పిలిచే చిన్న మందిరాలు ఆ దీవిలో దాదాపు 70 ఉన్నాయి. మన పల్లెల్లోని రామమందిరమంత ఉంటాయేమో. పసుపు, నీలం, గులాబి, ఆకుపచ్చ రంగులతో, నెత్తిన పావురమో కిరీటమో పెట్టుకుని వీధి మలుపుల్లో నిలబడి ఉంటాయి. వీటిని గుడి పెద్దలు కాక వీధివాళ్లే కూడి కట్టుకున్నారు, వాళ్ల సహోదర సంఘాలే నేటికీ సాకుతున్నాయి. పోర్చుగల్ రాణి పునీత ఇసబెల్ పేదవాడి తలపై కిరీటం పెట్టిందని చెప్పుకునే నాటి ఆచారాన్నే తలచుకుంటూ, ఊళ్లోని మామూలు మనిషికో, పసిపిల్లకో అక్కడ పట్టం కడతారు. నన్ను అంత దూరం లాగింది ఆ సంగతే.

పండుగనాడు సన్నని వాన విడవకుండా కురిసింది. పూజ ముగిసి కిరీటం మందిరానికి తరలివస్తుంటే కన్నులారా చూద్దామని గంటన్నర నిలబడ్డాను. తీరా వచ్చేసరికి ఫోన్లు ఎత్తిన చేతులే నాకు అడ్డం. ప్రార్థించేవారిని తోసుకుంటూ ఫొటోలకు ఎగబడడం చూసి మనసు చివుక్కుమంది. పైగా పంచడానికి రొట్టెలు కొందామంటే ఎక్కడా దొరకలేదు. వీధి పొడవునా పరిచిన బల్లల మీద రొట్టె, ద్రాక్షారసం కొండంత ఉన్నాయి, కానీ వాటికి వెల లేదు. వచ్చినవారందరికీ ఉచితంగా పంచేవే. నా మొక్కు ఇక తీరదని కళ్లు చెమర్చాయి.

బల్ల వెనుక నిలబడిన ఒక ముసలమ్మ నన్ను గమనించింది. పక్కనున్న మనవడు ఇంగ్లీషులో కారణమడిగి, నేను చెప్పినదంతా ఆమెకు వివరించాడు. ఆమె నన్ను 'ఫిల్యా' అని, అంటే బిడ్డా అని పిలిచి, చెయ్యి పట్టుకుని మందిరంలోకి తీసుకువెళ్లింది. తెల్లని పువ్వుల నడుమ మెట్లుమెట్లుగా అమర్చిన బలిపీఠం మీద కిరీటం కనిపించింది. దాని శిఖరాన ఉన్న పావురం బొటనవేలంత ఉంది. ముద్దుపెట్టి పెట్టి తరతరాల పెదవులు దాని రెక్కలను నునుపుచేశాయి. నేనూ పెదవులు ఆనించాను. వెండి చల్లగా తగిలింది. అమ్మ పేరు తప్ప మరో ప్రార్థన నోట రాలేదు.

బయటికి వచ్చాక ఆమె తన నడుముకున్న తెల్లని ఏప్రన్ విప్పి నాకు కట్టి, రొట్టెల బుట్టను నా ముందుకు జరిపింది. మొదటి రొట్టెను వానలో తడిసిన ఒక చిన్న పాప చేతిలో పెట్టాను.