హాలీ, కల్దార్, లిటాస్

ధర్మాబాద్‌లో మా తాతది మిర్చి కమీషన్ దుకాణం. ఆయన ఖాతా పుస్తకంలో ప్రతి పేజీలోనూ రెండు గళ్లు. ఒకటి హాలీ, అంటే నిజాం రూపాయి. రెండోది కల్దార్, బ్రిటిష్ ఇండియా రూపాయి. 7 హాలీలకు 6 కల్దార్లు. మా నాందేడ్ జిల్లా అప్పుడు హైదరాబాద్ సంస్థానంలోనే ఉండేది కదా. ఎవరైనా ధర చెప్తే "హాలీల చెప్తున్నవా, కల్దార్లనా?" అని తాత అడిగేవాడట. 1959లో హాలీ రద్దయింది.

నేను ఇక్కడే పన్నెండో తరగతికి మరాఠీలో ఎకనామిక్స్ చెప్తాను. యూరో మాట వస్తే ఆ పుస్తకం క్లాసుకు పట్టుకెళ్తాను.

నన్ను బాధపెట్టేది లిత్వేనియా సంగతి. 2002లో వాళ్లు తమ కరెన్సీ లిటాస్‌ను యూరోకు కట్టేశారు, ఒక యూరోకు 3.4528 లిటాస్. డబ్బు స్వేచ్ఛగా దేశం దాటుతున్నప్పుడు రేటు కదలకుండా ఉంచాలంటే ధరలు ఆపడానికి వడ్డీని మనకు కావలసినట్టు పెంచుకోలేం. పైగా పేద దేశం ఎదుగుతుంటే జీతాలు పెరుగుతాయి. వాటితోపాటు ఇంటి అద్దె, క్షవరం, హోటల్ భోజనం కూడా. అది రోగం కాదు. అయినా 2006లో యూరోలో చేరడానికి ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, హద్దు 2.6 శాతమైతే వీళ్లది 2.7 ఉందని యూరోలోకి రానివ్వలేదు. ఆ హద్దు ఎలా కట్టారు? యూరోపియన్ యూనియన్‌లో ధరలు అతి తక్కువగా పెరిగిన మూడు దేశాల సగటుకు 1.5 కలిపారు. ఆ మూడింటిలో స్వీడన్, పోలండ్ అసలు యూరోలోనే లేవు! రేటు పట్టుకో, ధరలూ పట్టుకో అనడం, వడ్డీ మాత్రం వాళ్ల చేతిలో లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. 2008లో అక్కడ ధరలు 10 శాతానికి పైగా పెరిగాయి, 2009లో ఉత్పత్తి దాదాపు 15 శాతం పడిపోయింది. జీతాలు కోసుకున్నారు గానీ రేటు వదల్లేదు. చివరికి 2015లో అదే 3.4528తో చేరారు.

స్లోవేకియా ఇంకో దారి పట్టింది. తన కరెన్సీ కోరునాను కొంత కదలనిచ్చి, దాని అధికారిక విలువను 2007లో 8.5 శాతం, 2008లో 17.6 శాతం పెంచింది. దిగుమతులు చౌకయ్యాయి, ధరలు అదుపులో ఉన్నాయి, 2009 జనవరిలో యూరో వచ్చేసింది. నేనైతే ఈ దారినే మెచ్చుకుంటాను. కానీ ఆ చలికాలంలోనే పక్కనున్న పోలండ్ జ్లోటీ విలువ పడిపోయింది. స్లోవాక్‌లు సంచులు పట్టుకుని సరిహద్దు దాటి అక్కడ సరుకులు కొనుక్కున్నారు, మా వాళ్లు సామాన్లకు నిజామాబాద్ రైలెక్కినట్టే. ఆ ఏడాది సరిహద్దు ఇవతల స్లోవాక్ దుకాణాల్లో గల్లా దగ్గర కూర్చున్నవాళ్లు నాకు తాతలాగే కనిపిస్తారు.