బండల మీద నడక వేగం: అనంతపురంలో ట్రయల్స్ సాధన

మోటారుసైకిల్ పోటీ అనగానే మన వైపు ఎవరైనా ముందుగా అడిగేది వేగం గురించే. నేను కొన్నేళ్ళుగా సాధన చేస్తున్న ట్రయల్స్ అనే ఆటలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే అందులో వాహనం చాలావరకు మనిషి నడకను మించి పోదు. రాళ్ళు, వంకలు, చెట్ల వేర్లు, నిటారైన మిట్టలు ఉన్న కొద్దిపాటి చోటును హద్దులు గీసి ఒక సెక్షన్‌గా నిర్ణయిస్తారు. రైడర్ కాలు నేల మోపకుండా ఆ సెక్షన్‌ను దాటాలి. ఒకసారి మోపితే 1, రెండుసార్లు మోపితే 2, అంతకు మించి ఎన్నిసార్లు మోపినా 3, కింద పడినా హద్దు దాటినా 5 పాయింట్లు పడతాయి. ఇవన్నీ తప్పుల లెక్కలే కాబట్టి చివరికి ఎవరి ఖాతాలో తక్కువ పాయింట్లు ఉంటే వారే విజేత.

ఈ ఆట మనకు పూర్తిగా పరాయిదేమీ కాదని చెప్పడానికి నేను తరచుగా బుల్లెట్ కథ ఎత్తుకుంటాను. 1948లో బ్రిటన్‌లోని కోల్మోర్ కప్ ట్రయల్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ తన కొత్త 350 సీసీ బుల్లెట్ నమూనాలను దించింది. వెనుక చక్రం గతుకులకు పైకీ కిందికీ ఊగేలా స్వింగింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉండటం వాటి విశేషం; ఆనాటి ట్రయల్స్ వాహనాలలో అత్యధికం వెనుక సస్పెన్షన్ లేనివే. తరువాత జానీ బ్రిట్టన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 1952లోనూ 1957లోనూ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచారు. 1909లో మొలకెత్తిన ఆ పోటీ నేటికీ స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియం పరిసరాలలో జరుగుతోంది. 2019లో మన మార్కెట్టుకు వచ్చిన బుల్లెట్ ట్రయల్స్ మోడల్ ఆ చరిత్ర గుర్తుగా పెట్టిన పేరే గాని, నూట ఎనభై కిలోలు దాటిన ఆ రోడ్డు వాహనాన్ని గుండ్ల మధ్య తిప్పాలని ఎవరైనా అడిగితే నేను వద్దనే చెబుతాను.

నేటి పోటీ వాహనం తీరే వేరు. దానికి సీటు ఉండదు, బరువు డెబ్బై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ట్యాంకులో రెండు మూడు లీటర్లకు మించి పెట్రోలు పట్టదు. స్పెయిన్ రైడర్ టోని బౌ 2007 నుండి 2024 వరకు ఒక్క ఏడాదీ తప్పకుండా ఆరుబయలు, ఇండోర్ ప్రపంచ టైటిళ్ళు రెండింటినీ గెలుస్తూ వచ్చింది ఇటువంటి వాహనం మీదనే. మన దేశంలో వాటిని తయారు చేసి అమ్మేవారు లేరు, దిగుమతి చేసుకోవడం నా వంటి జీతగాడికి అందే పని కాదు. అందుకే నేను యమహా ఆర్‌ఎక్స్ 100 అనే పాత బైకును ఎంచుకున్నాను. 1985లో వచ్చి 1996లో ఆగిపోయినా, దాని ఇంజను విప్పి బిగించగల మెకానిక్కులు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. పైగా నూరు కిలోలకు కాస్త పైన ఉండే బరువును సీటు, సైడు కవర్లు, లైట్లు తీసేసి ఇంకా తగ్గించవచ్చు.

తీసేయడం సులువు, మార్చడం కష్టం. చైను తిరిగే పళ్ళ చక్రాలలో ముందు చిన్న స్ప్రాకెట్టు, వెనుక పెద్ద స్ప్రాకెట్టు వేసి మొదటి గేరును బాగా నెమ్మదింపజేయాలి. ఇంజను కింది నుండి పోయే సైలెన్సర్ గొట్టం మొదటి రాతికే నొక్కుకుపోతుంది కాబట్టి దానిని కోసి, వంచి, పక్కగా పైకి వెల్డింగ్ చేయించాలి. నిలబడి నడపడానికి వీలుగా ఫుట్‌రెస్టులను వెనక్కు జరిపి, హ్యాండిల్‌ను ఎత్తు చేయాలి. అసలైన ట్రయల్స్ టైరులో వెనుక నాలుగైదు పీఎస్ఐ గాలి మాత్రమే ఉంచుతారు. అప్పుడది రాయిని కావలించుకున్నట్టుగా అంటుకుంటుంది. నా ట్యూబు టైరులో అంత తగ్గిస్తే టైరు రిమ్ము మీద తిరిగిపోయి ట్యూబు వాల్వు తెగుతుంది కనుక గాలి ఎక్కువే ఉంచక తప్పదు. ఇన్ని మార్పులు చేసిన వాహనాన్ని రోడ్డు మీద నడపడం చట్టం ఒప్పదు. ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకుపోతాను. ఆటో బాడుగ ఈ ఆటలో అసలు ఖర్చని ఇంట్లో అనే మాటను నేను ఖండించలేను.

నేలకు మాత్రం మాకు లోటు లేదు. అనంతపురం చుట్టూ సాగుకు పనికిరాని గ్రానైటు బండలు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. ఎండిన గ్రానైటు టైరును గట్టిగా పట్టుకుంటుందనేది నిజమే, అయితే బండ అంతా ఒకే తీరుగా ఉండదు. ఎండకూ చలికీ పగిలి, పైపొర పెచ్చులుగా లేచిన చోట కాలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. ఆ పెచ్చు మీద వెనుక చక్రం తిప్పితే పెచ్చుతో పాటు మనమూ కిందికి వస్తాము. రాయి అరిగి రాలిన గరుసు బండ మీద పలుచగా పరచుకున్నప్పుడు దానిపై మలుపు తిప్పడం ఆవాలు చల్లిన గచ్చు మీద నడిచినట్టే ఉంటుంది, అందువల్ల మేము చీపురు వెంట తీసుకుపోతాము. వాన నీరు జారిన దారిలో ఏర్పడే నల్లచారలు ఎండినప్పుడు ఏ హానీ చేయవు గాని, తడిసినప్పుడు వాటిమీద ఏ టైరూ నిలవదు. వానలే అరుదైన జిల్లా కాబట్టి తడి బండ మీద సాధన మాకు దొరికేది తక్కువ. స్కాట్లాండ్ వారికి రోజూ ఉండే చిక్కు మాకు సెప్టెంబరులో ఎప్పుడో దొరికే అవకాశం.

వీడియోలు చూసి వచ్చే కుర్రవాళ్ళు ముందుగా ఎత్తైన గుండు ఎక్కాలని తొందరపడతారు. నా దృష్టిలో ట్రయల్స్ అంటే మలుపే. హ్యాండిల్‌ను చివరి దాకా తిప్పి, వాహనాన్ని లోపలికి వాల్చి, శరీరాన్ని బయటికి ఉంచి, బయటి ఫుట్‌రెస్టు మీద బరువు మోపి, ఒక్క వేలితో క్లచ్చును సగం పట్టి సగం వదులుతూ, వెనుక బ్రేకును అతి తేలికగా నొక్కి ఉంచి, చూపు ముందు చక్రం మీద పెట్టకుండా మలుపు ముగిసే చోటు మీద పెట్టగలిగిన మనిషికి గుండు ఎక్కడం తరువాత వచ్చే పని. సమతల బండ మీద ముగ్గుపిండితో ఇరుకైన వంపులు గీసి, వాటిలోనే పూటంతా తిరుగుతుంటాము. చూసేవారికి ఇంతకన్నా విసుగు పుట్టించే దృశ్యం ఉండకపోవచ్చు. గొర్రెలు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన కాసేపు చూసి, "ఏమప్పా, ఆ పక్కనే దావ బాగుండాది కదా, అట్ల పోకూడదా?" అని అడిగాడు. ఆయనకు తృప్తినిచ్చే సమాధానం మాలో ఎవరికీ తట్టలేదు.

పాయింట్లు లెక్కించడానికి మాలో ఒకరు వంతులవారీగా పక్కన నిలబడతారు. కాలు మోపిన కొద్దీ వేళ్ళు చూపిస్తారు, మోపకపోతే పిడికిలి బిగించి ఉంచుతారు. వాదం వచ్చేదల్లా బూటు రాతికి రాసుకుపోయిందా, రాతి మీద ఆనిందా అన్నదాని గురించే. ఆనితే అది మోపినట్టేనని నియమం స్పష్టంగా ఉన్నా, ఆనించిన కాలు తనదైనప్పుడు అందరికీ అది రాసుకుపోయినట్టే అనిపిస్తుంది.

కోట గుట్టల జోలికి, అటవీ భూముల జోలికి పోము. పరిచయస్తుల పట్టా బండల మీదనే, అడిగి, నడుపుతాము. చెనిక్కాయ పైరు ఉన్న కాలంలో గట్లు దాటము. గుండ్ల సందులలో ఎలుగుబంట్లు ఉండే ప్రాంతం కాబట్టి బాగా తెల్లవారాకనే దిగుతాము. పది దాటితే బండ కాలిపోతుంది కాబట్టి అంతలోగా ముగిస్తాము. ఇంత నెమ్మదిగా పడినా గ్రానైటు గ్రానైటే, అందుచేత హెల్మెట్టు, మోకాలి చిప్పలకు గార్డులు, మనిషి పడగానే ఇంజను ఆగిపోయేలా మణికట్టుకు తాడు కట్టిన కిల్ స్విచ్చు లేనివారిని సెక్షన్‌లోకి రానివ్వము.

వచ్చే చలికాలానికి వెనుక రిమ్ముకు టైరును బిగించిపట్టే రిమ్ లాక్ వేయించి, గాలి ఇంకొంచెం తగ్గించి, నల్లచారల బండను పైనుండి కిందికి దిగే సెక్షన్‌గా గీయాలని అనుకుంటున్నాము. టూ స్ట్రోకు ఇంజను దిగుడులో పెద్దగా పట్టి ఆపదు, ముందు డ్రమ్ము బ్రేకును నమ్మడానికి మాలో ఇంకా ఎవరూ సిద్ధంగా లేరు, కాబట్టి మొదట ఎవరు దిగాలన్నది చీటీలు వేసి తేల్చుకుంటాము.