నుదురు నొప్పి, మిర్చి యార్డు, సైనస్ అనే మాట

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాడికి నుదురు నొప్పి వస్తే ఇంక రెండో మాట ఉండదు, సైనసే. నేను అక్కడ ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి, ఆ ఘాటుకి కొత్తవాళ్ళు గేటు దగ్గరే తుమ్మడం మొదలుపెడతారు, కాబట్టి హమాలీల దగ్గర్నుంచి మా షావుకారు దాకా అందరూ "సైనస్ అండీ, ఆవిరి పట్టండి" అనేవాళ్ళే. మా అమ్మ పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చమనేది, శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. అమృతాంజనం సరేసరి. 1893లో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు పక్కనున్న కృష్ణా జిల్లా ఎలకుర్రు మనిషే కదా, మా ఇంట్లో ఆ సీసా లేని రోజు నాకు గుర్తులేదు. రాసుకున్నంతసేపూ చల్లగా హాయిగానే ఉంటుంది, కాదనను.

నొప్పి కనుబొమ్మల పైన మొదలై కళ్ళ వెనక్కి దిగేది. పోటు. మెట్లెక్కితే ఎక్కువయ్యేది, ట్యూబ్‌లైటు వెలుతురు కూడా పడేది కాదు, కాటా దగ్గర అరుపులు వింటే వాంతి వచ్చేట్టు ఉండేది. ముక్కు కూడా దిబ్బడ వేసి కారేది, అందుకే సైనస్ కాదంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

కొత్తపేటలో ఈఎన్‌టీ డాక్టరు గారు ముక్కులో గొట్టం పెట్టి చూసి, చీము లేదు, వాపు లేదు అన్నారు. తర్వాత ఒక మాట అడిగారు. "ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారుగా, అప్పుడు తగ్గుతుందా?"

"లేదండీ, అప్పుడే ఇంకా ఎక్కువ."

"అయితే మిరపకాయ మీద నేరం మోపకండి" అని నవ్వి, న్యూరాలజీ డాక్టరు దగ్గరికి పంపారు.

ఆవిడ తలకు స్కాన్ రాస్తారేమోనని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఆవిడ మాత్రం ముందు ప్రశ్నలే అడిగారు. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిందా, జ్వరంతో మెడ బిగుసుకుందా, చెయ్యో కాలో పట్టు తప్పిందా, మాట తడబడిందా, చూపు పోయిందా, తలకు దెబ్బ తగిలిందా. ఏభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి అయినా ఊరుకోకూడదట. నాకు ఇవేవీ లేవు, బీపీ మామూలుగానే ఉంది, స్కాన్ అక్కర్లేదన్నారు. మైగ్రేన్ అని చెప్పారు. తలకు ఒక పక్కనే రావాలని లేదు, నుదురంతా కూడా రావచ్చు, ముఖానికి స్పర్శ తెలిపే నరం రేగినప్పుడు దానివల్లే ముక్కూ కళ్ళూ కూడా కారతాయట. సైనస్‌కి చీము పడితే ముక్కులోంచి పచ్చగా చిక్కగా వస్తుంది, వాసన తెలియదు, జ్వరం కూడా ఉండవచ్చు.

సెలవుల్లో ఎందుకు ఎక్కువో కూడా అప్పుడే తేలింది. యార్డులో టీకి లెక్కుండదు, ఎవరొచ్చినా ఒకటి. ఇంట్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. టీలో ఉండే కెఫీన్ అలవాటై ఒక్కసారిగా తగ్గితే మర్నాటికల్లా తల పట్టేస్తుందట. దానికి తోడు మే నెల గుంటూరు ఎండ, పెళ్ళిళ్ళు, నిద్ర లేకపోవడం, మధ్యాహ్నం మూడింటికి భోజనం.

ఇంకో సంగతి బిళ్ళలు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే కెఫీన్ కలిపిన తలనొప్పి బిళ్ళ నా చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. అలాంటివి నెలకు పది రోజులు, ఉత్త పారాసెట్మాల్ అయితే పదిహేను రోజులు, అలా మూడు నెలలు దాటి వాడుతుంటే బిళ్ళే తలనొప్పి తెస్తుందట. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు చేసినట్టన్నమాట. ఆవిడ అవి ఆపించి రాత్రిపూట వేసుకోవడానికి ఒక మాత్ర రాశారు, దాని పని తెలియడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారు. నిజంగానే మొదట్లో నరకం. షావుకారు గారు, ఎంత విసుక్కునే మనిషైనా, ఆ రోజుల్లో "మధ్యాహ్నం ఇంటికి పోవయ్యా" అని పంపించేవారు. మా ఆవిడ కిటికీలకు దుప్పట్లు కట్టి, "ఏమండీ, ఫోన్ ఇటివ్వండి" అని లాక్కునేది. చీకటి గదిలో నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని పడుకోవడం ఏ బిళ్ళ కంటే తక్కువేం కాదు.

నాకు నలభై దాటింది, చత్వారం వచ్చింది. అద్దాలు లేకుండా చిట్టాలో అంకెలు చూస్తుంటే సాయంత్రానికి నుదురు బరువెక్కేది. ఇది పోటు కాదు, పట్టీ కట్టి బిగించినట్టు, వికారం ఉండదు. ఒకే నుదుటికి రెండు రకాల నొప్పులని అప్పుడు తెలిసింది. అద్దాలతో అది పోయింది.

ఇప్పుడు చిట్టా పుస్తకం చివరి పేజీల్లో తలనొప్పి వచ్చిన తేదీ, తిన్న టైము, నిద్ర రాస్తున్నా. టిఫిన్ మానిన రోజులే ఎక్కువ కనిపిస్తున్నాయి, అందుకని పొద్దున్నే యార్డుకు వెళ్ళేముందు రెండు ఇడ్లీలైనా తింటున్నా, నీళ్ళ సీసా బల్ల మీదే ఉంటుంది. మైగ్రేన్ మాత్రం పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ వస్తుంది, రాగానే డాక్టరమ్మ రాసిన బిళ్ళ వేసుకుంటా, వారానికి రెండు రోజులకు మించి వద్దన్నారు. ఈ సీజన్ అయ్యాక రాత్రి మాత్ర తగ్గించి చూద్దామన్నారు.