ఉమ్మడి కాపురమా, వేరు కాపురాలా: సర్వర్ మార్పిడి, ఆరో వారం

మిత్రుడి కార్యాలయంలో 14 మంది పనిచేస్తారు. అక్కడి సర్వర్‌ను మార్చే పని నెత్తికెత్తుకున్నాను. నాకిది సెలవురోజుల సరదా కాబట్టి తొందర లేదు. తొందరంతా అతడిదే. లాగిన్, ఫైళ్లు, మెయిల్ అన్నీ కలిపి ఇచ్చే ప్యాకేజీ వేయాలా, ఒక్కో పనికి ఒక్కో సాఫ్ట్‌వేర్ విడిగా పెట్టాలా అన్నది తేలాలి.

ఇప్పుడున్నది మైక్రోసాఫ్ట్ స్మాల్ బిజినెస్ సర్వర్ 2011. విండోస్, మెయిల్‌కు ఎక్స్ఛేంజ్ 2010, పత్రాలు పంచుకోవడానికి షేర్‌పాయింట్, అన్నీ ఒకే లైసెన్సులో, 75 మంది వరకు. అయితే డొమైన్ (ఒకే లాగిన్ల పట్టిక కింద ఉండే కంప్యూటర్ల గుంపు) పెత్తనమంతా ఆ ఒక్క యంత్రం చేతిలోనే ఉండాలి, వేరే డొమైన్‌తో ట్రస్ట్ (ఒకరి లాగిన్లను మరొకరు నమ్మే ఒప్పందం) కలపకూడదు అన్నవి దాని షరతులు. ఎక్స్ఛేంజ్ 2010కి మద్దతు 2020 అక్టోబరులోనే ముగిసింది. స్మాల్ బిజినెస్ సర్వర్ తర్వాత వచ్చిన విండోస్ సర్వర్ 2012 ఎసెన్షియల్స్‌లో పరిమితి 25 మందే, ఎక్స్ఛేంజ్ అసలే లేదు. అంటే ముందుకు వెళ్లే దారి ఆ వరసలో లేదు.

ప్రయోగానికి ఒక పాత డెస్క్‌టాప్: 32 జీబీ ర్యామ్, ఒకదానికొకటి నకలుగా ఉండే రెండు ఎస్‌ఎస్‌డీలు, వర్చువల్ మెషీన్లను (ఒకే యంత్రంలో విడి కంప్యూటర్లలా నడిచేవి) నడిపే ప్రాక్స్‌మాక్స్.

మొదటి రెండు వారాలు లినక్స్ మీద నడిచే ఒక ఉమ్మడి ప్యాకేజీ. 40 నిమిషాల్లో అన్నీ లేచి నిలబడ్డాయి. మురిసిపోయాను. అటాచ్‌మెంట్ పరిమితి పెంచాలని మెయిల్ కాన్ఫిగరేషన్ ఫైలును చేత్తో దిద్దాను. మర్నాడు ప్యానెల్లో వేరే ఏదో మార్చి ‘సేవ్’ నొక్కగానే నా దిద్దుబాటు గల్లంతు. ఇలాంటి ప్యాకేజీలు ఆ ఫైళ్లను తమ టెంప్లేట్ల నుంచి మళ్లీ రాస్తాయి. మార్చాల్సింది టెంప్లేటును. మాన్యువల్ చదవకుండా చేయి పెట్టిన తప్పు నాదే.

మూడు, నాలుగు వారాలు విడివిడిగా. డెబియన్ అనే లినక్స్ మీద మూడు వర్చువల్ మెషీన్లు: లాగిన్లు చూసుకునే సాంబా డొమైన్ కంట్రోలర్ ఒకటి, ఫైళ్లకు ఒకటి, ఉత్తరాలు పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని దాచి చూపే డవ్‌కాట్‌లతో మెయిల్‌కు మరొకటి. కంట్రోలర్ మీదే ఫైళ్లు పెట్టవద్దని సాంబా వాళ్లే చెబుతారు. ఇక్కడ ఒక శనివారం మొత్తం పోయింది. ఎవరూ లాగిన్ కాలేకపోతున్నారు. మధ్యాహ్నం దాకా డీఎన్‌ఎస్‌ను (కంప్యూటర్ల పేర్లకు చిరునామాలు చెప్పేది) అనుమానించాను. చివరికి చూస్తే కంట్రోలర్ గడియారం 7 నిమిషాలు వెనక ఉంది. లాగిన్లను సరిచూసే కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకే సహిస్తుంది.

ఐదో వారం అసలు పరీక్ష. ఒక్కరి మెయిల్‌బాక్సును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి చూశాను. ఉమ్మడి ప్యాకేజీలో నేను తీసుకున్న బ్యాకప్ ప్రకారం మొత్తం సర్వర్‌ను పక్కన ఇంకోచోట లేపాల్సి వచ్చింది. విడిగా పెట్టినచోట ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు కాబట్టి ఆ ఫోల్డరు కాపీ చేస్తే సరిపోయింది. ఇక తేలిపోయిందనుకున్నాను. కానీ కొత్త ఉద్యోగిని చేర్చడం? ప్యాకేజీలో ఒక్క పేజీ నింపితే చాలు, లెక్కలు చూసే ఆమె కూడా చేయగలరు. విడి ఏర్పాటులో నా నోటుపుస్తకంలో 11 పేజీలు నిండాయి. నేను ఊళ్లో లేనప్పుడు ఆ పుస్తకం ఎవరు తెరుస్తారు?

అందుకని సగం సగం చేశాను. మెయిల్ భాగాలు ఒకదాన్ని వదిలి ఒకటి బతకవు: స్పామ్ వడపోత, ఉత్తరం మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే డీకిమ్ సంతకం, వెబ్‌మెయిల్ అన్నీ కలిసే కదలాలి. అది ఉమ్మడి ప్యాకేజీగా, తన సొంత మెషీన్లో, 8 జీబీ ర్యామ్‌తో ఉంటుంది. వైరస్ స్కానరే అందులో 1 జీబీకి పైగా మింగుతుంది. లాగిన్, ఫైళ్లు వేరు. ఫైళ్ల సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే ఉత్తరాలు ఆగాల్సిన అవసరం ఏముంది?

ఈ వారం, ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు ఉత్తరాలు కాపీ చేసే ఐమ్యాప్‌సింక్‌తో పాత ఉత్తరాలు తరలించాను. మొదట కనెక్షనే కుదరలేదు. కనెక్షన్‌ను రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్‌లో పాత సర్వర్ 1.0 వెర్షన్ మాత్రమే మాట్లాడుతోంది, కొత్త డెబియన్ 1.2 కంటే తక్కువైతే వినదు. మొత్తం యంత్రం భద్రతను దించకుండా, ఆ ఒక్క ఆదేశానికి వేరే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (టీఎల్‌ఎస్ పని చేసే సాఫ్ట్‌వేర్) కాన్ఫిగరేషన్ చూపించాను. 61 జీబీకి 19 గంటలు పట్టింది. మార్పిడి రాత్రి రెండోసారి నడిపితే మిగిలిన కొత్తవి మాత్రమే వస్తాయి. దానికి రెండు రోజుల ముందే ఎమ్‌ఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో డీఎన్‌ఎస్‌లో చెప్పేది) టీటీఎల్‌ను, అంటే ఇతరులు దాన్ని గుర్తుంచుకునే గడువును, 300 సెకన్లకు తగ్గించాలి. క్యాలెండర్లు, చిరునామాలు ఐమ్యాప్‌లో (సర్వర్ నుంచి మెయిల్ చదివే పద్ధతి) రావు. వాటిని ఔట్‌లుక్ నుంచి ఒక్కొక్కరివి ఎగుమతి చేయాలి. 14లో 11 అయ్యాయి.

ఇంకొకటి నిన్ననే బయటపడింది. మూలనున్న స్కానర్ పాస్‌వర్డు లేకుండా 25వ పోర్టుకు (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించే ద్వారం) మెయిల్ పంపుతోంది. దాని మాన్యువల్ ఎవరి దగ్గరా లేదు. వచ్చే శనివారం దానితోనే.