పాలు మానేసి పాలిచ్చిన రోజులు

నెల తిరగకముందే మా బాబు తాగిన ప్రతిసారీ పాలు కక్కడం మొదలైంది. "పసిపిల్లలు కక్కకుండా ఉంటారా" అంది అమ్మ. పిల్లల డాక్టర్ గారూ అదే అన్నారు. అన్నవాహిక చివర ఉండే కండరం ఇంకా గట్టిపడదు కాబట్టి పాలు పైకి తన్నుకొస్తాయట. నాలుగో నెల ప్రాంతంలో బాగా ఎక్కువై, ఏడాది, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామందికి పోతుందట. బరువు పెరుగుతున్నాడు కాబట్టి మందు అక్కర్లేదన్నారు. పసరు రంగులో కక్కినా, దూరంగా పడేంత జోరుగా కక్కుతున్నా, బరువు ఆగిపోయినా మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు.

కక్కడం ఒక్కటే అయితే నాకు అంత టెన్షన్ ఉండేది కాదు. నాలుగు గుక్కలు తాగి, ఒక్కసారిగా రొమ్ము వదిలేసి, వీపు విల్లులా వంచి కెవ్వుమనేవాడు. ఆకలికి మళ్లీ వెతుక్కునేవాడు, పట్టగానే మళ్లీ అదే ఏడుపు. "నీ పాలు పడట్లేదేమోనే, డబ్బా పాలు పట్టి చూడరాదూ" అనేది అమ్మమ్మ. ఆ మాట అన్నప్పుడల్లా ఏడుపొచ్చేది.

నాకు పాలు మొదట్లో ధారగా వచ్చేవి, వాడు ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. అందుకని దిండ్లకు ఆనుకుని వెనక్కి వాలి, వాణ్ని నా మీద బోర్లా పడుకోబెట్టుకుని ఇచ్చాను. మధ్యలో ఆపి తేన్పు తెప్పించి, తాగాక అరగంట దాకా భుజాన నిటారుగా ఎత్తుకునేదాన్ని. దానితో కొంత నయం. నిద్రపుచ్చేటప్పుడు తల కింద ఎత్తు పెట్టమని, బోర్లా వేయమని చాలామంది చెప్పారు. డాక్టర్ గారు ఒప్పుకోలేదు. కక్కే బిడ్డనైనా సమంగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం అన్నారు.

రెండో నెల దాటాక ఒకరోజు గుడ్డ మారుస్తుంటే విరేచనంలో జిగురు కనిపించింది. వెలుగులోకి తీసుకెళ్లి చూస్తే దారప్పోగుల్లా సన్నటి నెత్తుటి చారలు. కాళ్లు వణికాయి. ఆ గుడ్డ అలాగే కవర్లో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాం.

వాణ్ని పరీక్ష చేసి, నేనేం తింటున్నానో అడిగి, వాడికి ఆవు పాలలోని ప్రొటీన్ పడకపోవచ్చు అన్నారు. నేను తాగే పాలలోని ప్రొటీన్ కొద్దిగా నా పాలలోకి వెళుతుందట. ఇది లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, పడకపోవడం కాదని విడమరిచి చెప్పారు. లాక్టోజ్ తల్లి పాలలో ఎలాగూ ఉంటుంది, తల్లి ఏం తిన్నా మానినా అది తగ్గదు. మామూలు డబ్బా పాలు చేసేది ఆవు పాలతోనే కాబట్టి వాటికి మార్చినా లాభం లేదట. "పాలివ్వడం ఆపొద్దమ్మా, నువ్వు పాలు ఆపు" అన్నారు.

మా పుట్టింట్లో గేదె పాడి. బాలింతకు పాలు, నెయ్యి పెట్టకపోతే ఎలా అని అమ్మ బాధ. గేదె పాలు, మేక పాలు కూడా పనికిరావు, వాటి ప్రొటీన్లూ దాదాపు అలాంటివే. పెరుగు, మజ్జిగ, చివరికి నెయ్యి కూడా మానేశాను. బిస్కెట్ పొట్లాం మీద పాలపొడి, పాల ప్రొటీన్ల పేర్లయిన వే, కేసిన్ అన్న మాటలు వెతకడం అలవాటైంది. ఊరమిరపకాయలు మజ్జిగలో నానబెట్టినవని అమ్మకే ఒకరోజు గుర్తొచ్చి, కంచంలోంచి తీసేసింది. ఆ రోజు నుంచి నా వంట సంగతి తనే చూసుకుంది. తెలగపిండి మునగాకు కూర, రాగి జావ, నువ్వుల పొడి, సొరచేప పుట్టు పెట్టేది. కాల్షియం మాత్రలు డాక్టర్ గారు రాశారు. పప్పు, వంకాయ, గుడ్డు కూడా మానమని చుట్టాలు చెప్పారు గానీ, అన్నీ ఒకేసారి మానేస్తే ఏది పడలేదో తెలియదు, పైగా తల్లి నీరసించిపోతుంది. నేను పాలు మానడంతోనే ఆగాను.

రెండు నుంచి నాలుగు వారాలు చూడమన్నారు. ముందు నెత్తురు ఆగింది, తర్వాత జిగురు. రొమ్ము దగ్గర వీపు వంచడం తగ్గి, కళ్లు మూసుకుని హాయిగా తాగడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ వాడి పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయేది.

ఆ తర్వాత డాక్టర్ గారు నన్ను మళ్లీ పెరుగు తినమన్నారు. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, నాకు అసలే లేదు. కానీ అది చేయకపోతే తగ్గింది పాలు మానినందుకో, వయసు పెరిగినందుకో తేలదు. తిన్నాను. కొద్ది రోజులకే జిగురు, ఏడుపు తిరిగొచ్చాయి. ఇక అనుమానం లేదు. మళ్లీ మానేశాను, మళ్లీ కుదుటపడ్డాడు.

కక్కడం మాత్రం పూర్తిగా పోలేదు. అది కూర్చోవడం వచ్చాక మెల్లగా తగ్గింది. ఆరు నెలలు నిండాక రాగి జావ, పప్పన్నం మొదలుపెట్టాం, నెయ్యి బదులు నువ్వుల నూనె చుక్క వేసి. ఇప్పుడూ నా పాలే తాగుతున్నాడు. ఏడాది దగ్గర పడ్డాక, ముందు బాగా కాల్చిన వాటిలో కలిసిన పాలతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేసి చూద్దామన్నారు డాక్టర్ గారు.