గ్యాస్ తగ్గలేదు, దుమ్ము పట్టింది: ఏసీ సర్వీసు చేయించిన నా అనుభవం

ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటికీ ఒకే విడతలో సర్వీసు చేయించేద్దామని మొదలుపెట్టాను. ఏసీ తప్ప మిగతావన్నీ సాఫీగా అయిపోయాయి కాబట్టి వాటి సంగతి ముందే చెప్పేస్తాను.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కి అసలు మనిషిని పిలవక్కర్లేదు. కింద మూలన చిన్న తలుపు వెనక పంపు ఫిల్టర్ ఉంటుంది. పక్కనున్న సన్న గొట్టంతో నీళ్లు వదిలేశాకే దాని మూత తిప్పాలి, లేదంటే నేలంతా చెరువే. ఫ్రిజ్ తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగితే బిగుతుగానే ఉంది, వదిలేశాను. గీజర్‌లో మెగ్నీషియం రాడ్ మార్పించాను. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును తను పట్టించుకుని అరిగిపోవడమే దాని పని. లోపలి ఇనుప కమ్మీ బయటపడిందంటే కొత్తది వేయించాల్సిందే. వాటర్ ప్యూరిఫయర్ అతను నీళ్లలోని లవణాలను ఆపే పొర, అంటే మెంబ్రేన్, పోయిందన్నాడు. శుద్ధి చేసిన నీళ్లలో కాస్త మామూలు నీళ్లు కలిపే టీడీఎస్ కంట్రోలర్‌ని పూర్తిగా మూయించి టీడీఎస్ (కరిగిన లవణాలు) కొలిపిస్తే లోపలికొచ్చే నీళ్లలో 400, బయటికొచ్చే నీళ్లలో 35. తొంభై శాతానికి పైగా ఆపుతున్న మెంబ్రేన్‌ని మార్చడమెందుకు? కార్బన్ ఫిల్టర్, సెడిమెంట్ ఫిల్టర్ మాత్రం మార్పించి పంపేశాను.

ఇక ఏసీ. నాది కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగే ఫిక్స్‌డ్ స్పీడ్ రకం, చల్లబరిచేది ఆర్-32 గ్యాస్. చల్లదనం తగ్గింది, ఇండోర్ యూనిట్ నుంచి అప్పుడప్పుడు నీళ్లు కారుతున్నాయి. బుక్ చేసింది వాటర్ సర్వీసు. వచ్చిన టెక్నీషియన్ ఇండోర్ యూనిట్ మూత కూడా తీయలేదు. నేరుగా అవుట్‌డోర్ దగ్గరికెళ్లి లావు పైపు వాల్వుకి గేజ్ తగిలించి, "గ్యాస్ తక్కువుంది మేడమ్, 100 చూపిస్తోంది" అన్నాడు. ముందు ఇండోర్ యూనిట్‌లో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, కడిగి తర్వాత చూడమన్నాను. నా మాట వినపడనట్టే నా వెనక్కి చూసి, "సార్ లేరా మేడమ్? ఇవి సార్‌తో మాట్లాడితే బాగుంటుంది" అన్నాడు. ఏసీ నాది, బుకింగ్ నా పేరుమీద, బిల్లు కట్టేది నేను!

ఆ 100 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) అంకె అబద్ధం కాదు. ఆర్-32కి ఆ ప్రెషర్ దగ్గర కాయిల్ ఉష్ణోగ్రత 0 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, మంచు పట్టేంత. మామూలుగా నడిచే ఏసీలో కాయిల్ 8, 10 డిగ్రీల దగ్గరుండాలి, అంటే గేజ్ మీద 135 నుంచి 145 దాకా. ప్రెషర్ తగ్గడానికి ముఖ్యమైన కారణాలు రెండు. నిజంగా గ్యాస్ లీకై ఉండాలి, లేదా కాయిల్ మీదుగా గాలి సరిగా ఆడకపోవాలి. ఫిల్టర్, కాయిల్ మీది పల్చటి రేకులు (ఫిన్స్), లోపలి ఫ్యాన్ (బ్లోయర్) రెక్కలు దుమ్ముతో పూడుకుపోతే గదిలోని వేడి కాయిల్‌కి అందదు, గ్యాస్ సరిగా ఆవిరవదు, ప్రెషర్ పడిపోతుంది. ఈ స్థితిలో గ్యాస్ ఎక్కించడమంటే ముక్కు దిబ్బడ వేసినవాడికి ఆక్సిజన్ సిలిండర్ తగిలించడమే. తర్వాత ఎప్పుడో కాయిల్ కడిగిన రోజున ఆ అదనపు గ్యాస్ కంప్రెసర్ మీద భారమై కూర్చుంటుంది.

రెండింటినీ గేజ్ లేకుండానే చాలావరకు పట్టుకోవచ్చు. గాలి ఆడకపోతే మంచు కాయిల్ అంతటా పరుచుకుంటుంది. గ్యాస్ తక్కువైతే ముందు కాయిల్ మొదట్లోనే ఒక పట్టీలా పడుతుంది, మిగతా భాగం చల్లబడదు. లీకుంటే పైపుల్ని కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర నూనె జిడ్డు కనిపిస్తుంది, సబ్బు నురుగు రాస్తే బుడగలొస్తాయి. నా ఏసీకి నట్లన్నీ పొడిగా ఉన్నాయి. గ్యాస్ వాడేకొద్దీ అయిపోయే పెట్రోలు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే, ఆ చోటు చూపించకుండా "టాప్ అప్" అనేవాణ్ణి నేను నమ్మను. పైగా గేజ్ తగిలించి తీసిన ప్రతిసారీ కాస్త గ్యాస్ బయటికి పోతుంది.

అతని సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, బుక్ చేసిన పని ముందు చేయమని చెప్పించాకే కదిలాడు. మెయిన్ ఆపించి, సర్క్యూట్ బోర్డుకి ప్లాస్టిక్ చుట్టించి, కింద సంచి కట్టించాను. ఫిన్స్ మీద పైనుంచి కిందికే నీళ్లు కొట్టాలి. అడ్డంగా గట్టిగా కొడితే అవి వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుంటుంది. అందరూ ఎగ్గొట్టేది బ్లోయరే. దాని రెక్కల లోపలివైపు బ్రష్ పెడితే నల్లటి బురద ముద్దలుగా ఊడిపడింది. డ్రెయిన్ పైపులోంచి వేలెడు పొడుగున జిగురు వచ్చింది, నీళ్లు కారింది దానివల్లే.

తర్వాత 20 నిమిషాలు హై ఫ్యాన్‌లో నడిపించి మళ్లీ కొలిపించాను: 138. లోపలికి పీల్చే గాలి 29 డిగ్రీలు, బయటికొచ్చేది 17. కడగకముందు బయటికొచ్చే గాలి 23 ఉంది. పీల్చే గాలికీ వదిలే గాలికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు. ఇన్వర్టర్ ఏసీ ఉన్నవాళ్లు కంప్రెసర్ వేగాన్ని నిలకడగా ఉంచే టెస్ట్ మోడ్‌లో పెట్టించి కొలిపించండి. కంప్రెసర్ వేగం మారుతూ ఉంటే గేజ్ అంకెకి అర్థం లేదు.

నిజంగానే లీకు దొరికితే దాన్ని మూయించి, నైట్రోజన్ ప్రెషర్‌తో పరీక్షించి, పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేయించి (వాక్యూమ్), నేమ్‌ప్లేట్ మీద రాసిన బరువు చూసి అంతే గ్యాస్ కాటా మీద తూచి ఎక్కించాలి. కాటా తేని మనిషిని సిలిండర్ ముట్టనివ్వొద్దు.

అంతా అయ్యాక పని పూర్తయినట్టు నమోదు చేసే ఓటీపీ అడిగాడు. ముందు జాబ్ కార్డు చూపించమన్నాను. "గ్యాస్ చార్జింగ్ అవసరం, కస్టమర్ నిరాకరించారు" అని రాసి ఉంది! రేపు కంప్రెసర్ పోతే వారంటీ ఇవ్వకుండా తప్పించుకోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు. మళ్లీ సూపర్‌వైజర్, మళ్లీ వాదన. ఆ వాక్యం కొట్టేయించి, 138 పీఎస్ఐ, 29, 17, లీకు లేదు అని రాయించి, దాన్ని ఫోటో తీసుకున్నాకే ఓటీపీ చెప్పాను.