పర్వాలేదు మాస్టారూ

మే నెల బెజవాడలో ఉదయం ఐదున్నరకే చెమటలు. ఏసీ వేసినా జిమ్ చల్లబడేసరికి మొదటి బ్యాచ్ ఇళ్ళకి వెళ్ళిపోతుంది. నేను షట్టర్ ఎత్తి ఫ్యాన్లు వేసేలోపే బ్యాంకులో రిటైరైన పెద్దాయన ట్రెడ్‌మిల్ ఎక్కేశారు. ఆయనకి నేను మాస్టార్ని. కుర్రాళ్ళకి కోచ్‌ని, మరీ కుర్రాళ్ళకి బ్రోని.

పావుగంట నడిచాక చూస్తే ఆయన మాట ముక్కలవుతోంది. మనవడి పరీక్షల సంగతి చెబుతూ మాటమాటకీ ఊపిరి తీసుకుంటున్నారు. హ్యాండిల్ మీద గుండె వేగం రీడింగు మాత్రం 94. రోజూ ఇదే వేగానికి 115 దాకా వెళ్ళేది. మిషన్ తప్పేమోనని మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాను, అదే అంకె. వేగం తగ్గించి ఎలా ఉందని అడిగితే, "పర్వాలేదు మాస్టారూ" అన్నారు. దింపి, కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి మళ్ళీ అడిగాను. అప్పుడు బయటికొచ్చింది. "డాక్టరు గారు మొన్న టాబ్లెట్ మార్చారులెండి. దానికీ దీనికీ ఏం సంబంధం?"

అసలు సంబంధం అక్కడే ఉంది. ఇంటికి ఫోన్ చేయించి స్ట్రిప్ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. మెటోప్రొలాల్. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్. అది వేసుకున్న మనిషి గుండె మామూలు మనిషికి పెరిగినంత వేగంగా పెరగదు. ఒళ్ళు అలిసిపోతున్నా అంకె కిందే ఉంటుంది. 220 లోంచి వయసు తీసేసి లెక్క కట్టుకోమనే గోడ మీది చార్టు ఆయనకిక పనికిరాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అదే ఆయన కొలత. ఆయనకి పద్యాల పిచ్చి కాబట్టి ఈ కొలత మాకు బాగా కుదురుతుంది. రాగం తీయగలిగితే నడక చాల్లేదని, పద్యపాదం మామూలుగా చదవడానికి కూడా ఊపిరి అందకపోతే ఎక్కువైందని. ఈ మందు మీద ఎంతవరకు చేయొచ్చో డాక్టర్ని అడిగి వచ్చేదాకా మెల్లగా నడవడమే అన్నాను. మొహం ముడుచుకున్నారు.

జిమ్‌లో చేరిన రోజు నింపిన ఫారం తీసి చూస్తే బీపీ ఎదురుగా 'లేదు' అని టిక్కుంది. ఇదేంటి సార్ అంటే, "టాబ్లెట్ వేసుకుంటున్నాగా, ఇంకెక్కడుంది బీపీ?" అన్నారు. ఆయనొక్కరే కాదు, సగం మంది లెక్క ఇదే. మందుతో అదుపులో ఉంటే జబ్బు లేనట్టే. 1970ల్లో కెనడాలో తయారైన ఏడు ప్రశ్నల ఫారం అది. గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్ళు తిరుగుతాయా, కీళ్ళ బాధలున్నాయా, బీపీ ఎక్కువని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా, ఈ వరసలో ఉంటాయి. ఏడింటికీ ఒకే ఊపులో 'లేదు' టిక్కులు పెట్టేసి, పెన్ను తిరిగిచ్చి, లాకర్ ఎక్కడని అడుగుతారు. దాని కింద మా ఓనర్ గారు చేర్చిన వాక్యం ఒకటుంది, ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదని. ఆ వాక్యం నాకు నచ్చదు. ఓనరుకి ధైర్యం ఇస్తుందేమో గానీ, అది చదివాక ఉన్న విషయం చెప్పాలని ఎవరికి అనిపిస్తుంది?

ఎనిమిదింటికి డల్లాస్ నుంచి ఆయన అమ్మాయి ఫోన్. స్ట్రిప్ ఫోటో సంగతి వాళ్ళమ్మ చెప్పినట్టుంది. "మా నాన్న పూచీ మీదేనండీ" అంది. ఇలాంటి ఫోన్లు 2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ పోయాక బాగా ఎక్కువయ్యాయి. 46 ఏళ్ళవాడు, అంత ఫిట్‌గా ఉండేవాడు, వ్యాయామం తరవాత ఛాతీలో ఇబ్బందిగా ఉందని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే మెత్తగానే చెప్పాను, "సగం పూచీ నాదమ్మా. మిగతా సగానికి, మందు మారితే నాకొక మాట చెప్పమనండి." ఆ అమ్మాయి నిట్టూర్చింది. "నాకూ చెప్పలేదండీ మారినట్టు."

తరవాత బెంచ్ ప్రెస్ కుర్రాడు, బల్ల మీద పడుకుని బరువు పైకి తోస్తాడు. బార్ 20, రెండు పక్కలా ఇరవయ్యేసి, మొత్తం 60 కిలోలు. స్పాటింగ్‌కి, అంటే బార్ ఆగిపోతే సాయం పట్టడానికి, తల దగ్గర నిలబడే ముందు ప్రతిసారీ ఒక మాట చెబుతాను, వాడికి విసుగొచ్చినా సరే. నేను చెయ్యి వేసినా నువ్వు వదలకు. చూసేవాళ్ళు స్పాటర్ ఉంటే బరువంతా అతనే లాగేస్తాడనుకుంటారు. ముందుకి వంగి, చేతులు చాచి, 60 కిలోలు ఒక్కణ్ణే లేపడం నావల్ల కాదు. వాడు తోస్తూ ఉంటే నా రెండు వేళ్ళ సాయం చాలు. నా చెయ్యి తగలగానే 'హమ్మయ్య' అని వాడు వదిలేస్తే బార్ వాడి ఛాతీ మీదికీ, నేను దాని మీదికీ. ఈ రోజు ఐదో రెప్పులో బార్ సగం దాకా లేచి ఆగింది. చేతులు వణుకుతున్నాయి, ఎడమ పక్క కాస్త దిగింది. "తీసుకో కోచ్" అన్నాడు. కింద నుంచి చేతులు పెట్టాను. పళ్ళు బిగబట్టి వాడు తోస్తూనే ఉన్నాడు, ఇద్దరం కలిసి స్టాండు మీద పెట్టాం. లేచి కూర్చుని, వచ్చే వారం 70 వేద్దామన్నాడు. వద్దన్నాను. నా దగ్గర పద్ధతి ఒకటే. బరువు పెంచాలంటే ఇద్దరం ఒప్పుకోవాలి, ఆపడానికి ఎవరో ఒకరు చాలు.

ఆ ఒక్కరు నోరు తెరవడమే కష్టం. పదిన్నరకి వచ్చే మేడమ్ స్క్వాట్లు చేస్తూ ఒక పక్కకి వాలుతున్నారు. అడిగితే షరా మామూలే, పర్వాలేదు. తొడల్లో మంటైతే కానివ్వండి, మోకాలి చిప్ప కింద పోటైతే ఆపేయండి అని విడమరిచి అడిగాకే, పోటేనని ఒప్పుకున్నారు. వారం నుంచీ ఉందట! డబ్బు కట్టి వచ్చి నొప్పి అంటే బాగోదని ఊరుకున్నారట.

అలా అని తప్పంతా వాళ్ళదేనంటే మా వృత్తికి మొహమాటపడినట్టు అవుతుంది. చెప్పేవాళ్ళ నోరు నొక్కేది చాలాసార్లు మేమే. క్లయింటు బరువు కింద ఉంటే ఫోన్‌లో రీల్స్ చూసే ట్రైనర్లున్నారు. 'ఇంకొక్కటి, ఇంకొక్కటి' అని పదిమందిలో అరిస్తే చాలన్న మాట ఎవరి నోట వస్తుంది? కొత్తగా చేరినవాణ్ణి మొదటి రోజే మెట్లు దిగలేనంతగా చేయించి, నొప్పుందంటే అయితే పనిచేసినట్టే అని నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు మూడు రోజులు ఒళ్ళు నొప్పులు మామూలే. కానీ మోతాదు మరీ మించితే కండ కరిగి రక్తంలో కలుస్తుంది, మూత్రం కోలా రంగులోకి మారుతుంది, కిడ్నీల మీద పడుతుంది. అప్పుడు పరుగెత్తాల్సింది ఆసుపత్రికి. ఇది చెప్పకుండా చేయించినవాడికి నా లెక్కలో సగం పూచీ కాదు, మొత్తం పూచీ.

మధ్యాహ్నం కరెంటు పోయింది. లాంగ్ నోట్‌బుక్‌లో పెద్దాయన పేజీలో మందు పేరు ఎర్ర పెన్నుతో రాసి పడుకున్నాను.

సాయంత్రం కొత్త కుర్రాడు వచ్చాడు. శ్రావణంలో పెళ్ళట, అప్పటికి పది కిలోలు తగ్గాలట. తగ్గేది ఎంత, తగ్గాక నిలిచేది ఎంత అన్న లెక్క రేపు మాట్లాడదామని చెప్పి ఫారం ఇచ్చాను. టకటకా టిక్కులు పెడుతున్నాడు. పొద్దున సంగతి మనసులో ఉండి, పెన్ను ఆపించి, పక్కన కూర్చుని ప్రశ్నలు ఒక్కొక్కటీ నేనే చదివాను. నాలుగో దానికి తలెత్తాడు.

"సార్, చిన్నప్పుడు ఆయాసం వచ్చేది. ఇప్పుడు చలికాలంలోనే. అది కూడా రాయాలా?"

రాయమన్నాను. ఇన్‌హేలర్ ఉందా అంటే ఇంట్లో ఫ్రిజ్ మీద ఉందన్నాడు. డేట్ అయిపోయిందేమో చూసుకుని, రేపు జేబులో వేసుకుని రమ్మన్నాను.